సెర్లో దొర బుధవారాలు

తోర్విల్ దొర సెర్లో చెడ్డవాడని రీల్ నదికి ఈ గట్టున గాని ఆ గట్టున గాని ఎవరూ అనలేదు. చలికాలం ముందు రైతుల పందుల్ని తన ఓక్ అడవిలో మేపుకోనిచ్చేవాడు. కోపం వస్తే అరిచేవాడే గాని చెయ్యి ఎత్తేవాడు కాదు. తిండిపుష్టి ఉన్న మనిషి. నిప్పుల మీద కాల్చిన పంది మాంసం ముందు కూర్చున్నాడంటే లోకంలో అందరూ మంచివాళ్ళలాగే కనిపించేవారు అతనికి, ఒక్క ఆస్బెర్న్ తప్ప.

ఆస్బెర్న్ అంటే సెర్లోకి ప్రాణం. ఆస్బెర్న్‌ని చూస్తే కడుపుమంట. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఇద్దర్నీ ఒకే ఇంట్లో పెంచినవాళ్ళకే తెలియాలి.

ఆస్బెర్న్ పొరుగు దొరకి మూడో కొడుకు. మూడో కొడుకులకి భూమి రాదు కనుక గుర్రపు స్వారీ, కత్తి నేర్చుకుని ఎక్కడో ఒకచోట బతుకుతాడని పాలపళ్ళు ఊడే వయసులోనే తోర్విల్ కోటకి పంపేశారు. సెర్లోకీ అదే వయసు. ఇద్దరూ ఒకే గడ్డి పరుపు మీద, ఒకే గొర్రె తోలు కప్పుకుని పడుకునేవారు. తెల్లారేసరికి తోలు ఆస్బెర్న్ వైపు ఉండేది. వాడు లాక్కునేవాడు కాదు. సెర్లోనే నిద్రలో తన్నేసేవాడు. అయినా తోలు తన మీద లేదన్నదే సెర్లోకి గుర్తుండేది.

వేటకుక్కలు ఆస్బెర్న్ వెంట పడేవి. వంటమనిషి మూలుగ ఉన్న ఎముక వాడికి వేసేది. సెర్లో తండ్రి చనిపోయే ముందు కొడుకు చెయ్యి పట్టుకుని, "ఆస్బెర్న్ పక్కనుంటే నీకేం భయం లేదు నాయనా" అన్నాడు. చనిపోతూ కూడా వాడి మాటే. సెర్లో ఏడ్చాడు. ఆ ఏడుపులో ఎంత తండ్రి కోసమో, ఎంత ఆ మాట కోసమో అతనికే తెలీదు.

తర్వాత బ్రియోన్ ఊరి వైపు నుంచి హవీజ్‌ని పెళ్ళి చేసుకున్నాడు. చామనఛాయ, పెద్ద నుదురు, తక్కువ మాటలు. పెళ్ళి విందులో ఆస్బెర్న్ విసిరిన ఒక చలోక్తికి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడు సెర్లో అదే చలోక్తి మళ్ళీ విసిరాడు. ఆమె మర్యాదకి నవ్వింది. ఆ రెండు నవ్వులకీ ఉన్న తేడాని అతను ఏళ్ళ తరబడి మోశాడు.

ఇంగ్లండు మీదికి యుద్ధానికి వెళ్ళాలని తమ సీమనేలే డ్యూకు పిలిచినప్పుడు సెర్లో అయిదుగురు రౌతులతో వెళ్ళాడు. వాళ్ళలో ఆస్బెర్న్ ఒకడు, ఫుల్క్ అనే నోటిదురుసు మనిషి ఒకడు. ఓడలో ఆస్బెర్న్ గుర్రాల మెడలు నిమురుతూ కూర్చుంటే సెర్లో వాంతులు చేసుకుంటూ, 'ఈసారి చూద్దాం' అనుకున్నాడు. ఈసారి కత్తులు మాట్లాడతాయి. ఎవరెంతటివాడో అక్కడ తేలుతుంది.

తేలలేదు. కొండ మీద ఇంగ్లీషువాళ్ళు డాళ్ళు గోడలా పేర్చి నిలబడ్డారు. మొదటిసారి ఎక్కుతూండగానే ఎక్కణ్ణించో వచ్చిన బల్లెం సెర్లో గుర్రం రొమ్ములో దిగింది. అది దొర్లుకుంటూ కిందికి వచ్చి బురద కాలవలో పడింది, దాని కింద సెర్లో. జీను అంచు తొడ మీద బిగిసి కాలు కదలలేదు. కత్తి ఒరలోంచి బయటికి కూడా రాలేదు. ఆ రోజంతా అతని మీదుగా మనుషులు పరిగెత్తారు, అరిచారు, పడ్డారు. అతను గుర్రం వాసన పీలుస్తూ ఆకాశం చూశాడు. పొద్దు వాలుతూంటే ఎవరో, "సెర్లో, సెర్లో" అని పిలుచుకుంటూ శవాల్ని తిరగేస్తూ వచ్చారు. ఆస్బెర్న్. కర్ర సందులో పెట్టి గుర్రాన్ని ఎత్తి బయటికి లాగాడు. "బతికే ఉన్నావురా" అంటూ కూలబడి ఏడ్చాడు.

సెర్లో వాడి మొహం చూడలేదు. నెత్తురంటిన వాడి కత్తి చూశాడు.

గుర్రం నెత్తురు సెర్లో ఒంటినిండా అంటుకుని ఉంది. శిబిరంలో ఫుల్క్ ఆ అవతారం చూసి, "దొరగారు బాగానే పనిచేసినట్టున్నారు" అన్నాడు. సెర్లో కాదనలేదు. ఆస్బెర్న్ కూడా ఏమీ అనలేదు. డ్యూకు ఇంగ్లండుకి రాజయ్యాక, రౌతుల్ని తెచ్చినవాడు కనుక సెర్లోకి అక్కడ ఒక చిత్తడి ఊరు దక్కింది. అందులో సగం ఇస్తానంటే ఆస్బెర్న్ వద్దన్నాడు. సెర్లోకి అది కూడా గుచ్చుకుంది. తీసుకుని ఉంటే ఇచ్చిన గొప్పయినా దక్కేది.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకి బిషప్పుల ఉత్తర్వు వచ్చింది. యుద్ధం న్యాయమైనదే అయినా చంపడం చంపడమే, ప్రతివాడూ ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. ఊరి గురువు రెనూఫ్ అయ్యగారు ఆదివారం పూజ అయ్యాక అది చర్చిలో చదివారు. చంపిన ఒక్కొక్క మనిషికీ ఒక ఏడాది, వారానికి ఒక రోజు రొట్టె, నీళ్ళు మాత్రమే. ఎందర్ని చంపాడో లెక్క తెలియనివాడికి బతికినంత కాలం వారానికి ఒక రోజు. ఎవర్నీ కొట్టకపోయినా కొట్టాలనే ఉద్దేశంతో వెళ్ళినవాడికి మూడు రోజులు.

చర్చి బయట రౌతులు గుంపుగా చేరారు.

"నాకు ఇద్దరు రా. రెండేళ్ళు. మీ లెక్కెంత?"

"నాకు లెక్కా పాడా. చచ్చేదాకా అనుకో."

"నువ్వు ఏనాడు లెక్కపెట్టావులే, కోళ్ళనయినా."

ఫుల్క్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూడు రోజులవాడు మనలో ఎవడైనా ఉన్నాడా? మూడు రోజులట. మా ఆవిడ అలిగితే కూడా అంతకంటే ఎక్కువ పడుతుంది."

అందరూ నవ్వారు. సెర్లో అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వుతూ ఆస్బెర్న్ వైపు చూశాడు. వాడు నవ్వడం లేదు. నేల చూస్తూ వేళ్ళు మడుస్తున్నాడు. ఒక వేలు మడవడం, ఆగడం, ఇంకో వేలు.

ఆ వారంలోనే పాపాలు ఒప్పుకోవడానికి ఒక్కొక్కరే వెళ్ళారు. ఆస్బెర్న్ లోపల చాలాసేపు ఉన్నాడు. సెర్లో గుమ్మం దగ్గర నిలబడి చలికి కాళ్ళు మార్చుకుంటూ, ఇంతసేపేం చెబుతున్నాడని ఉడికిపోయాడు. ఆస్బెర్న్ బయటికి వచ్చినప్పుడు మొహం బూడిద రంగులో ఉంది. సెర్లో లోపలికి వెళ్ళేసరికి రెనూఫ్ అయ్యగారు కళ్ళు తుడుచుకుంటున్నారు.

అంతే. నిజం చెప్పాలనే వచ్చాడు సెర్లో. మూడు రోజులే కదా, ఎవరూ చూడకుండా చేసేస్తే సరిపోతుందనుకున్నాడు. కానీ ఆ ముసలాయన తన చిన్నప్పటి నుంచీ ఎన్ని పాపాలు విన్నారో, ఒక్కనాడూ తన కోసం కన్ను తడి చేసుకోలేదు.

"చెప్పండి దొరా."

"నాకు లెక్క తెలీదు అయ్యగారూ."

ఆయన తల ఎత్తారు. "లెక్క తెలీదా."

"చాలామంది."

"ఒక్కరైనా గుర్తున్నారా?"

తిరుగు ప్రయాణంలో ఆస్బెర్న్ ఒకసారి నిద్ర పట్టక చెప్పిన మనిషి గుర్తొచ్చాడు. "ఒకడు... చెప్పులు లేవు వాడికి. బురదలో వేళ్ళు విప్పార్చి నిలబడ్డాడు. గొడ్డలి ఎడమచేత్తో పట్టుకున్నాడు."

రెనూఫ్ అయ్యగారు మెడలోని శిలువని వేళ్ళతో తడిమారు. కాస్త ముందే అదే మనిషి గురించి విన్న చెవులు ఆయనవి. చివరికి, "బతికినంత కాలం బుధవారం రొట్టె, నీళ్ళు" అన్నారు. సెర్లో లేచి, గుమ్మం దాకా వెళ్ళి, ఆగాడు.

"ఆస్బెర్న్‌కి ఎంత పడింది అయ్యగారూ?"

"అది మీకెందుకు దొరా."

అయినా బుధవారం రాగానే అందరికీ తెలిసింది. ఆస్బెర్న్‌కి ఎనిమిదేళ్ళ బుధవారాలు. సెర్లోకి జీవితాంతం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సెర్లో ముందున్నాడు.

ఆ గెలుపు ఎంత రుచిగా ఉంటుందనుకున్నాడో అంత చప్పగా ఉంది. బల్ల మీద అందరికీ ఉల్లిపాయలు వేసి ఉడికించిన మాంసం పొగలు కక్కుతూంటే బార్లీ రొట్టె నమలడం సెర్లోకి నరకం. గట్టిగా నిట్టూర్చేవాడు. "బుధవారం కదా" అని అడగని వాళ్ళకి కూడా చెప్పేవాడు. ఆస్బెర్న్ బల్ల చివర కూర్చుని తన రొట్టె తాను తినేవాడు. వాడొక పద్ధతి పెట్టుకున్నాడు. ఏడాదికి ఒక మనిషి. పేర్లు తెలీవు కనుక చూసిన గుర్తులే పేర్లు. ఆ ఏడాది బుధవారాలన్నీ ఆ మనిషివే.

ఒక బుధవారం హవీజ్ వాడి ముందు నీళ్ళ ముంత పెడుతూ నెమ్మదిగా అడిగింది. "ఈ ఏడు ఎవరు ఆస్బెర్న్?"

"పిల్లిగడ్డం ఉన్నాయన, అమ్మా. నా మోకాలు పట్టుకుని ఏదో అన్నాడు. వాళ్ళ భాష నాకు రాదు."

ఆమె శిలువ గుర్తు వేసుకుంది. "ఆయన కోసం నేనూ ప్రార్థన చేస్తాను."

బల్ల ఈ చివర సెర్లో నోట్లో రొట్టె ముద్ద అక్కడే ఆగిపోయింది. తన బుధవారాలు మొదలై అప్పటికి ఎన్నాళ్ళయింది. ఒక్కనాడు అడిగిందా, 'ఎవరు' అని?

ఆ సాయంత్రం ఆమె ఉన్ని వడుకుతూంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"నన్నెందుకు అడగవు?"

"ఏం అడగాలి?"

"వాణ్ణి అడిగావుగా. ఎవరూ, ఎవరూ అని. వాడికంటే నాది పెద్దది. వాడిది ఎనిమిదేళ్ళతో అయిపోతుంది. నాది చచ్చేదాకా."

"మీకు లెక్క తెలీదన్నారు. లెక్క తెలియనివాళ్ళకి మొహాలేం గుర్తుంటాయిలే అనుకున్నా."

"గుర్తున్నాయి."

"అయితే చెప్పండి." ఆమె కదురు ఆపింది. "ఒక్కరి గురించి చెప్పండి. మీ కళ్ళతో చూసినవాడి గురించి."

అతనికి ఆకాశం గుర్తొచ్చింది. గుర్రం పళ్ళు గుర్తొచ్చాయి. ఆమె మళ్ళీ కదురు తిప్పింది. "మీరు వచ్చిన రోజు స్నానానికి నీళ్ళు పోసింది నేను. తొడ మీద ఈ మూల నుంచి ఆ మూలకి జీను అచ్చు పడి నల్లగా మచ్చ కట్టి ఉంది. రోజంతా గుర్రం మీద ఉన్నవాళ్ళకి అది అక్కడ పడదు."

"ఎవరితోనైనా అన్నావా?"

"మీరు తిరిగొచ్చారని అందరితో అన్నాను" అంది హవీజ్.

సెర్లో ఆ తర్వాత కొన్ని నెలలు ఆమెతో ముభావంగా ఉన్నాడు. ఆమెకి తెలుసు. ఆస్బెర్న్‌కి తెలుసు. ఇంకెవరికీ తెలీకూడదు. ఫుల్క్‌కి తెలిస్తే సంతలో, పిండిమర దగ్గర, చర్చి మెట్ల మీద తన పేరు నవ్వులపాలవుతుంది. దానికంటే బార్లీ రొట్టె నయం. ఆస్బెర్న్ ఎప్పుడైనా నోరు జారతాడేమోనని వాడి మాటలకి చెవి ఒగ్గి ఉండేవాడు. వాడు జారలేదు. అంత మంచితనం భరించడం శత్రుత్వం కంటే కష్టంగా ఉండేది.

నాలుగో ఏడు ముగింపుకి వస్తూండగా ఆస్బెర్న్‌కి దగ్గు పట్టుకుంది. మొదట మంచు వల్లనన్నారు. నలభై రోజుల ఉపవాసాల తపస్సుకాలం వచ్చేసరికి గుర్రం ఎక్కలేకపోయాడు. ఆకులు వేసే నాటికి మంచం దిగలేకపోయాడు. సెర్లో తన సొంత మంచం, ఎలుగుబంటి తోలుతో సహా వాడికిచ్చి, తాను నేల మీద పడుకున్నాడు. రోజూ ఎవరో ఒకరు చూడటానికి వచ్చేవారు. ఇంతమంది నా కోసం వస్తారా అని అప్పుడు కూడా సెర్లో అనుకున్నాడు. ఆ ఆలోచన వచ్చినందుకు గోడకేసి తల కొట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం రెనూఫ్ అయ్యగారు చావుకి ముందు రాసే తైలంతో వచ్చారు. మంచం చుట్టూ సెర్లో, హవీజ్, ఫుల్క్ ఉన్నారు. కబురందుకుని ఆస్బెర్న్ పెద్దన్న గిల్బెర్ట్ వచ్చాడు. నక్కబొచ్చు అంచుల కోటు వేసుకున్న మనిషి. సముద్రం దాటి ఎరగడు. తమ్ముణ్ణి ఏడాదికోసారి కూడా పలకరించినవాడు కాదు.

ఆస్బెర్న్ గొంతు పీలగా ఉంది. "నాలుగేళ్ళు మిగిలిపోతున్నాయి అయ్యగారూ. నలుగురు."

"దాని సంగతి నేనూ ఆలోచించాను" అన్నారాయన. "మన పెద్దల కాలం నుంచీ ఒక వాడుక ఉంది. చనిపోయేవాడి ప్రాయశ్చిత్తం మిగిలితే, అయినవాళ్ళెవరైనా ఇష్టపడి ఎత్తుకోవచ్చు. అప్పుడా భారం ఇతనితో పోదు."

గిల్బెర్ట్ వెంటనే ముందుకు వచ్చాడు. "నేనున్నాగా. తోడబుట్టినవాణ్ణి. మా ఇంటి రక్తం. నాలుగేళ్ళూ నేను చేస్తాను."

సెర్లో లోపల భగ్గుమంది. ఇకమీద ఇతగాడు బుధవారం బుధవారం తన బల్ల దగ్గర రొట్టె విరుస్తాడు. వచ్చినవాళ్ళకి, మా ఆస్బెర్న్ కోసం అని చెబుతాడు. పిల్లిగడ్డం ఎవరో, చెప్పుల్లేనివాడెవరో తెలీకుండానే. ఒకే తోలు కింద పడుకున్నది ఎవరు? ఎవరి పేరు పిలుస్తూ వాడు శవాలు తిరగేశాడు?

"నేను చేస్తాను" అన్నాడు.

రెనూఫ్ అయ్యగారు తల అడ్డంగా ఊపారు. "కుదరదు దొరా. తన పాపం కడుక్కుంటున్నవాడు ఇంకొకరిది ఎత్తుకోకూడదు. దానికి చేతులు ఖాళీగా ఉండాలి. మీకు జీవితాంతం ఉంది కదా."

ఆయన అది మామూలుగానే అన్నారు. కానీ కళ్ళు మాత్రం సెర్లో మొహం మీంచి తీయలేదు.

సెర్లో ఫుల్క్‌ని చూశాడు. గిల్బెర్ట్ కోటు బొచ్చు చూశాడు. హవీజ్ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"నా చేతులు ఖాళీయే అయ్యగారూ. నేను ఎవర్నీ చంపలేదు. పొద్దున్నే గుర్రం మీద పడింది. సాయంత్రం వీడొచ్చి లాగేదాకా దాని కిందే ఉన్నాను. కత్తి కూడా దూయలేదు. మీకు నేను చెప్పినవాడు వీడు చంపిన మనిషి."

ఫుల్క్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "అంటే... మూడు రోజులా దొరా?"

"మూడు రోజులు."

"అబద్ధాలకోరుకి ఇస్తారా నా తమ్ముడి ఆత్మని?" అన్నాడు గిల్బెర్ట్.

మంచం మీంచి దగ్గో నవ్వో తెలియని శబ్దం వచ్చింది. ఆస్బెర్న్ సెర్లో చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"ఒరేయ్, ఆ రోజు నిన్ను లాగుతూంటే నాకెంత కుళ్ళుగా అనిపించిందో తెలుసా. నీ ఒరలో కత్తి అలాగే ఉంది. ఈ చచ్చినోడు ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతాడు అనుకున్నా. ఎనిమిదేళ్ళు పడ్డప్పుడు కూడా అదే అనుకున్నా, వీడికి మూడు రోజులేరా అని. నువ్వేమో వెళ్ళి జీవితాంతం తెచ్చుకున్నావు." ఊపిరి తీసుకున్నాడు. "ఎంత వెధవవిరా నువ్వు."

"ఇస్తావా, ఇవ్వవా?"

"నీ చేతులకి అంటలేదుగా. ఎందుకురా నీకు?"

"చిన్నప్పటి నుంచీ నీదేదీ నాకివ్వలేదు. ఇదొక్కటివ్వు."

ఆస్బెర్న్ కళ్ళు మూసుకున్నాడు. అయ్యగారు అడిగితే అవునని తల ఊపాడు. గిల్బెర్ట్ కోటు సర్దుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజూ మర్నాడూ ఆస్బెర్న్ ఆగి ఆగి ఆ నలుగుర్నీ సెర్లోకి అప్పజెప్పాడు. చెవికి పోగున్నవాడు. పాడుతూ గొడ్డలి తిప్పినవాడు. పారిపోతూ వెనక్కి తిరిగి చూసినవాడు. మోచేతి మీద కాలిన మచ్చ ఉన్న ముసలాయన. "ఆ ముసలాయన్ని ఆఖరున పెట్టుకో, బరువుంటాడు" అన్నాడు. మూడో రోజు మాట లేదు. నాలుగో రోజు ఆస్బెర్న్ లేడు.

సెర్లో ముందు తన మూడు రోజులు చేశాడు. తర్వాత పాపం ఒప్పుకుంటూ అబద్ధమాడినందుకు బెక్ మఠం దాకా ఉత్తికాళ్ళతో నడిచాడు. తిరిగొచ్చేసరికి ఫుల్క్ సంగతంతా ఊరూరా చాటేశాడు. బ్రియోన్ సంతలో చేపలమ్మే ఆడవాళ్ళు కూడా, "మూడు రోజుల దొరగారొచ్చారు, తూకం సరిగ్గా వెయ్యవే" అనేవారు. పేరు చచ్చేదాకా వదల్లేదు. మొదట్లో చెవులు ఎర్రబడేవి. తర్వాత ఆ పేరుకే పలికేవాడు.

బుధవారాలు మాత్రం నిట్టూర్పులు మానేశాడు. మొదటి బుధవారమే హవీజ్ అతని పక్కన కూర్చుని, "ఈ ఏడు ఎవరండీ?" అంది.

"చెవికి పోగున్నవాడు. వెండి పోగు. వాళ్ళమ్మ పెట్టి ఉంటుందని ఆస్బెర్న్ అన్నాడు."

చివరి ఏడాది కాలిన మచ్చ ముసలాయనది. అది త్వరత్వరగా గడిచిపోయింది. ఆఖరి బుధవారం రాత్రి భోజనాలయ్యాక రెనూఫ్ అయ్యగారు కర్ర పోటేసుకుంటూ వచ్చి దీవించారు. "అయిపోయింది దొరా. వచ్చే బుధవారం కడుపునిండా తినండి. ఆస్బెర్న్‌కి ఇంకేం బాకీ లేదు."

ఫుల్క్ బల్ల చరిచి, దొర కోసం ఒక మంచి పందిని చూసిపెట్టానన్నాడు. సెర్లో లేవలేదు. బల్ల మీద చేతులు పరిచి వాటినే చూస్తున్నాడు.

"అయ్యగారూ, వాడు తన లెక్కలో ఒకణ్ణి మరిచిపోయి ఉండొచ్చు కదా?"

"ఆస్బెర్న్ మరిచిపోయే మనిషి కాదు నాయనా."

"అంత గందరగోళంలో," అన్నాడు సెర్లో, "ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. ఇంకొక ఏడాది ఉందేమో, మీరు కాస్త ఆలోచించి చెప్పండి."

అయ్యగారు కర్ర బల్లకి ఆనించి కూర్చుని, వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. హవీజ్ ఆయనకి ఒక ముంత నీళ్ళు తెచ్చి పెట్టింది.